రంజాన్ చలికాలానికి జరిగింది, ఎండ ఉపవాసాలు మేలోనే ఉన్నాయి: మసీదు కమిటీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మసీదు కమిటీల పెద్దలకు, ముతవల్లీలకు (మసీదు ఆస్తుల నిర్వాహకులకు), ఇమామ్ సాహెబ్‌లకు,

అస్సలాము అలైకుమ్.

2017 నుంచి 2019 వరకు రంజాన్ మే, జూన్ నెలల్లో వచ్చింది. ఆ ఏళ్లలో మసీదుల్లో షామియానాలు, చల్లటి నీళ్ల డ్రమ్ములు, మజ్జిగ, అదనపు ఫ్యాన్లు అన్నీ అమర్చారు. చాంద్రమాన సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరిలోకి వచ్చేసింది. 2028లో జనవరి చివర్లోనే మొదలవుతుంది. దాంతో ఎండలో ఉపవాసం అనే సమస్య ఇంకో రెండు దశాబ్దాలకు గానీ రాదన్న ధీమా కనిపిస్తోంది. ఈ లేఖ రాయడానికి కారణం ఆ ధీమాయే.

రంజాన్ జరిగిన కొద్దీ మిగతా ఉపవాసాలూ జరిగాయి. జిల్‌హజ్ (బక్రీద్ వచ్చే నెల) మొదటి తొమ్మిది రోజులు, అందులో తొమ్మిదోదైన అరఫా రోజా (ఉపవాసం) ఇప్పుడు సరిగ్గా మే నెలలో పడుతున్నాయి. 2026లో బక్రీద్ నెలవంకను బట్టి మే 27 లేదా 28. అంటే అరఫా ఉపవాసం రోహిణి కార్తె మొదట్లో. రోళ్లు పగిలే ఎండలని మన పెద్దలు చెప్పేది ఆ రోజుల గురించే. 2027లో అది మే మధ్యకు, 2028లో మే మొదటి వారానికి వస్తుంది. ఆ తర్వాత నెల తిరిగేసరికి మొహర్రం తొమ్మిది, పది తేదీల ఆషూరా ఉపవాసాలు జూన్‌లో. వీటికి తోడు రంజాన్‌లో తప్పిపోయిన రోజాలను స్త్రీలు ఏడాదిలో మిగిలిన నెలల్లో పూర్తి చేస్తుంటారు, వాటిలో కొన్ని ఎండాకాలంలోనే తీరుతాయి. సోమ, గురువారాలు ఉపవాసం ఉండేవాళ్లు సరేసరి.

ఈ ఉపవాసాలన్నిటికీ ఒక పోలిక ఉంది. వీటికి ఊరంతా కలిసి చేసే ఏర్పాటు ఉండదు. సహెరీకి (తెల్లవారకముందు తినే తిండికి) లేపేవాళ్లుండరు, మసీదులో సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) ఉండదు, యజమాని పనివేళలు మార్చడు. మనిషి ఒక్కడే నాలుగింటికి ఉలిక్కిపడి లేచి, ఓ గ్లాసు నీళ్లు గటగటా తాగి, నియ్యత్ (ఉపవాస సంకల్పం) చేసుకుని, ఆరింటికి అడ్డా మీదికి కూలీకి పోతాడు. మే చివర్లో హైదరాబాద్‌లో ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు వేళ) సుమారు 4:20కి, మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు వేళ) సుమారు 6:45కి. అంటే పద్నాలుగున్నర గంటలు. చల్లటి ఫిబ్రవరి రంజాన్‌కంటే గంటన్నర ఎక్కువ, పైగా నలభై డిగ్రీల ఎండ. రంజాన్ కోసం మీ దగ్గరున్న డ్రమ్ములు, గిన్నెలు, మనుషులు, మైకు, అనుభవం అన్నీ ఆ రోజులకూ అక్కరకు రావాలన్నదే మా విన్నపం.

ముందు ఒంట్లో నీటి లెక్క చెప్పుకుందాం, ఏర్పాట్లన్నీ దాన్నిబట్టే ఉంటాయి. నీడలో ఊరికే కూర్చున్న మనిషి కూడా ఊపిరి ద్వారా, చర్మం ద్వారా రోజుకు ముప్పావు లీటరుకు పైగా నీరు కోల్పోతాడు. మూత్రం ఎంత తగ్గినా అర లీటరు పోవాల్సిందే, లేకపోతే వ్యర్థాలు బయటికి రావు. ఎండలో బరువు పని చేస్తే చెమట గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అరవై కిలోల మనిషి 1.2 లీటర్లు కోల్పోతే ఒంటి బరువులో రెండు శాతం. అక్కడి నుంచే పని మందగిస్తుంది, తల నొస్తుంది, చిరాకు, పరధ్యానం మొదలవుతాయి. సిమెంటు బస్తాలు మోసే హమాలీ పదకొండు గంటలకే ఈ గీత దాటేస్తాడు. నిచ్చెన మీద, వాహనం మీద ఉన్నవాడికి పరధ్యానం కూడా ప్రమాదమే.

ఈ లోటును సహెరీలో ముందే నింపేసుకోవచ్చని చాలామంది నమ్మకం. నమ్మి, అజాన్‌కు పది నిమిషాల ముందు లీటరు, లీటరున్నర నీళ్లు ఒకేసారి తాగేస్తారు. ఒంటెకు కుదిరినట్టు మనిషికి కుదరదు. ఉత్త నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడితే రక్తం పలచబడుతుంది, మెదడు వెంటనే మూత్రపిండాలకు కబురు పంపుతుంది. రెండు గంటల్లో అందులో ఎక్కువ భాగం మూత్రంగా పోతుంది. ఫజ్ర్ నమాజుకు, పనికి బయల్దేరే వేళకు మధ్య రెండుసార్లు మూత్రానికి పోతే ఆ నీళ్లే అవి. పైగా మూత్రపిండాలు గంటకు లీటరుకు మించి నీరు బయటికి పంపలేవు. అంతకుమించి తాగితే వాంతి, తలనొప్పి, రక్తంలో సోడియం పడిపోవడం. నీరు ఒంట్లో నిలవాలంటే మూడు కావాలి: కొంచెం ఉప్పు, దానితో పాటు తిండి, కొంత వ్యవధి.

కాబట్టి నీళ్లు తాగాల్సింది సహెరీలో ఒక్కసారిగా కాదు, మగ్రిబ్ నుంచి ఫజ్ర్ దాకా ఉన్న తొమ్మిదిన్నర గంటల్లో. అందులో ఐదు గంటలు నిద్ర పోతే మిగిలేది నాలుగున్నర. ఇంటిపట్టున, ఆఫీసులో ఉండే పెద్దవాళ్లకు ఈ కాలంలో సుమారు రెండున్నర లీటర్లు, అంటే పావు లీటరు గ్లాసులు పది అవసరం. ఇఫ్తార్ దగ్గర రెండు, అన్నంతో ఒకటి, ఇషాకు (రాత్రి నమాజుకు) వెళ్లేముందు ఒకటి, వచ్చాక ఒకటి, పది పదకొండు మధ్య రెండు, సహెరీకి మూడు. సహెరీవి కూడా ఒకేసారి కాదు. మూడున్నరకు లేవగానే ఒకటి, తింటూ ఒకటి, చివరి పది నిమిషాల్లో మెల్లగా ఒకటి. బయట పనిచేసేవాళ్లకు ఇంకో లీటరు, లీటరున్నర కావాలి, అదీ ఉప్పున్న రూపంలో: మజ్జిగ, గంజి, పప్పుచారు. ఒక నిజం కూడా చెప్పాలి. రోజంతా ఎండలో నాలుగైదు లీటర్లు చెమటోడ్చినవాడి లోటు ఒక్క రాత్రిలో పూర్తిగా పూడదు. రెండో రోజు అతను లోటుతోనే మొదలుపెడతాడు, మూడో రోజు ఇంకా లోటుతో. జిల్‌హజ్ తొమ్మిది రోజులూ వరసగా ఉండే కూలీలకు ఐదారు రోజుల తర్వాత కళ్లు తిరగడం ఇందుకే. తొమ్మిదీ ఉండాలా, అరఫా ఒక్కటీ ఉంటే చాలా అన్నది ఇమామ్‌లు ఎండను చూసి ముందే చెప్పగలిగిన మాట.

ఇఫ్తార్ విషయం కాస్త వివరంగా రాస్తాం, ఎందుకంటే అది మీ చేతిలో ఉంది.

ఖర్జూరంతో, అది లేకపోతే నీళ్లతో ఉపవాసం విరమించడం సున్నత్ (ప్రవక్త ఆచరణ). వైద్యం ప్రకారం కూడా అంతకన్నా మంచి మొదలు లేదు. ఖర్జూరంలో చక్కెరతో పాటు పొటాషియం ఉంటుంది, ఆ కొద్దిపాటి చక్కెర పేగులో నీటిని లోపలికి లాగడానికి సాయపడుతుంది. ఆ తర్వాత దస్తర్‌ఖాన్ మీద ఏది ముందు అందుతుందన్నది ముఖ్యం. చాలాచోట్ల సమోసా, మిర్చి బజ్జీ, పకోడీ ప్లేటు ముందు వస్తుంది, నీళ్లు వెనకెక్కడో డ్రమ్ములో ఉంటాయి. నూనె పదార్థం పడగానే కడుపు ఖాళీ కావడం నెమ్మదిస్తుంది, ఆపైన తాగిన నీళ్లు కడుపులోనే ఉబ్బరంగా నిలిచిపోతాయి, మనిషి "ఇక చాలు" అనేస్తాడు. మీరు చేయాల్సిన మార్పు ఒక్కటే. వరుసలో ప్రతి మనిషి ముందూ మూడు ఖర్జూరాలు, రెండు గ్లాసుల నీళ్లు అజాన్‌కు ముందే పెట్టండి. గంజి గానీ మజ్జిగ గానీ తర్వాత. నూనెవి మగ్రిబ్ నమాజు అయ్యాక. వద్దనడం లేదు, వెనక్కి జరపమంటున్నాం.

తమిళనాడు మసీదుల్లో పంచే నోంబు గంజి ఈ పనికి మేము చూసిన వంటల్లో మేలైనది. నీరు, ఉప్పు, పిండిపదార్థం, కొంచెం మాంసకృత్తులు ఒకే గిన్నెలో ఉంటాయి. మన దగ్గర చేయడానికి అడ్డేమీ లేదు. వందమందికి తలా పావు లీటరు చొప్పున ఇరవై ఐదు లీటర్ల గంజికి బియ్యపు నూకలు రెండున్నర కిలోలు, పెసరపప్పు ముప్పావు కిలో, మెంతులు రెండు పెద్ద చెంచాలు, అల్లం వెల్లుల్లి, పుదీనా, ఉప్పు 125 గ్రాములు. ఉడికేటప్పుడు ఆవిరయ్యే నీళ్లు మూడు లీటర్లు అదనంగా పోసుకోవాలి. పప్పు మెదిగేదాకా సన్నని సెగ మీద కలుపుతూ ఉంచాలి, అడుగంటితే మొత్తం వాసన వస్తుంది. వడ్డించే వేళకు గోరువెచ్చగా ఉండాలి. పొగలు కక్కుతుంటే ఎవరూ గబగబా తాగలేరు. మాంసం కలిపితే రుచి పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది, నీటి విషయంలో ఒరిగేది లేదు.

మజ్జిగ ఇంకా సులువు. వందమందికి తలా గ్లాసు అంటే ఆరు కిలోల పెరుగు, పంతొమ్మిది లీటర్ల నీళ్లు, 70 గ్రాముల ఉప్పు, కరివేపాకు, అల్లం, జీలకర్ర పొడి. ఇఫ్తార్‌కు గంటన్నర ముందు చిలకండి. మధ్యాహ్నమే చిలికి ఎండలో పెడితే పులిసిపోతుంది, పులిసినదాన్ని జనం రెండు గుటకలు తాగి వదిలేస్తారు. ఉత్త నీళ్లు వందమందికి ఇరవై లీటర్ల క్యాన్లు మూడు ఇఫ్తార్‌కు, రెండు ఇషాకు. ఈ ఇషా క్యాన్ల సంగతే ఎక్కడా కనిపించదు. మగ్రిబ్ అయిన వెంటనే డ్రమ్ములు కడిగి బోర్లించేస్తారు. తాగాల్సిన అసలు సమయం అప్పుడే మొదలవుతుంది.

ఎర్రటి షర్బత్‌లు, కూల్‌డ్రింకుల గురించి. నీళ్లలో రెండు చెంచాల షర్బత్ కలుపుకుని ఒక గ్లాసు తాగితే నష్టం లేదు. దప్పిక తీరేదాకా అదే తాగితే మాత్రం సగటున గ్లాసుకు నాలుగైదు చెంచాల చక్కెర ఒంట్లోకి వెళ్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో రక్తంలో గ్లూకోజు 180 దాటితే మూత్రంలోకి పొంగుతుంది, పొంగేటప్పుడు తనతోపాటు నీటినీ పట్టుకుపోతుంది. నీళ్ల కోసం తాగింది నీళ్లను బయటికి తోస్తుందన్నమాట. టీ సంగతి వేరు. ఒకటి రెండు కప్పుల ఇరానీ చాయ్‌తో ఒంట్లో నీరంతా పోతుందని చెప్పే మాట అతి. చాయ్ చేసే అసలు అపకారం నిద్ర చెడగొట్టడం, నీళ్లు తాగాల్సిన కడుపును నింపేయడం. సబ్జా గింజలకు ఉన్న పేరు వాటి పనికన్నా పెద్దది. నానబెట్టిన చెంచాడు గింజలు పట్టి ఉంచే నీరు కొద్దిగానే. కానీ అవి ఉన్నాయని ఇంకో గ్లాసు తాగితే మంచిదే. పుచ్చకాయలో తొంభై శాతానికి పైగా, కీరా దోసలో తొంభై ఐదు శాతం నీరే. అయితే మధ్యాహ్నం కోసి ప్లేట్లలో సర్ది ఈగల మధ్య ఉంచిన పుచ్చకాయ ముక్క విరేచనాలకు దారి. ఇఫ్తార్‌కు గంటలోపే కోయండి. షర్బత్‌లో వేసే ఐసుగడ్డ ఏ నీళ్లతో చేశారో అడగండి. చేపలకు వాడే ఐసు బస్తాలో వచ్చి అలాగే డ్రమ్ములో పడుతుంటుంది. విరేచనాలతో మర్నాడు ఉపవాసానికి కూర్చున్నవాడు ఈ లేఖలో చెప్పే ప్రమాదాలన్నిటికంటే ముందు వరసలో ఉంటాడు.

నీళ్లు చల్లబరచడానికి కుండ మంచిదే, కర్నూలు, నిజామాబాద్, రామగుండం లాంటి పొడి ఎండ ఉన్నచోట. కుండ చల్లబడేది పైనుంచి నీరు ఆవిరైతేనే. మచిలీపట్నం, నెల్లూరు, విశాఖ తీరంలో గాలే తడిగా ఉంటుంది కాబట్టి అదే కుండ అంత పనిచేయదు, అక్కడ కూలర్ డ్రమ్ము అవసరం. మనిషి చెమటకూ ఇదే సూత్రం. తీరంలో చెమట కారుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు, నీరు మాత్రం పోతూనే ఉంటుంది. లోపలి జిల్లాల్లో చెమట పుట్టగానే ఆరిపోతుంది, మనిషి "నాకు చెమటే పట్టలేదు" అనుకుంటాడు, సాయంత్రానికి చొక్కా మీద తెల్లటి ఉప్పు గీతలు అసలు సంగతి చెబుతాయి.

ఓఆర్‌ఎస్ పొట్లాలు మసీదులో ఉంచడం మంచి ఆలోచన, కానీ కలిపే తీరులో తప్పులు జరుగుతాయి. సుమారు 21 గ్రాముల పెద్ద పొట్లం లీటరు నీళ్లకు, నాలుగు గ్రాముల చిల్లర చిన్న పొట్లం 200 మిల్లీలీటర్లకు. పెద్ద పొట్లాన్ని గ్లాసులో కలిపితే అది చిక్కని ఉప్పునీరు, ఒంటికి నీటిని ఇవ్వాల్సింది పోయి ఒంట్లోంచి పేగులోకి లాక్కుంటుంది. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ గీసి సమం చేసి. కలిపింది ఇరవై నాలుగు గంటల్లో అయిపోవాలి, మిగిలితే పారబోయాలి. టెట్రాప్యాక్‌లో తియ్యగా దొరికేవన్నీ ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాలపై ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉందా చూడండి. ఇంకో మాట, ఓఆర్‌ఎస్ అందరికీ పంచే షర్బత్ కాదు. బాగా చెమటోడ్చినవాళ్లకు, వాంతులు విరేచనాలు ఉన్నవాళ్లకు. ఏసీ గదిలో పనిచేసి వచ్చిన బీపీ మనిషికి దాని ఉప్పు అక్కర్లేదు. కొబ్బరి బొండంలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా తాగకూడదు.

సహెరీకి లేపడం మీద ఒక సూచన. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకుల మీద నిబంధనలున్నాయి. మొహల్లా వాట్సాప్ గ్రూపులో ముందు రాత్రి తొమ్మిదింటికి రెండు ముక్కలు పెట్టండి: రేపు ఫజ్ర్ ఎన్నింటికి, అలారం దానికి యాభై నిమిషాల ముందు పెట్టుకోండి అని. సహెరీ ఆలస్యం చేయడం సున్నతే గానీ, అజాన్‌కు ఐదు నిమిషాల ముందు లేవడం సహెరీ కాదు. రాత్రి మిగిలిన బిర్యానీ, ఆవకాయ, అప్పడాలతో సహెరీ చేస్తే పదింటికే నాలుక పిడచకట్టుకుపోతుంది. పెరుగన్నం, జొన్నరొట్టె పప్పు, రాగి జావ, గుడ్డు, అరటిపండు, కీరా ముక్కలు ఉంటే చాలు. పీచున్న తిండి పేగులో నీటిని పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది.

ఇక ఆడవాళ్ల సంగతి. మసీదులో చల్లటి మజ్జిగ మగవాళ్లకు అందుతుంది. రేకుల ఇంట్లో సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా పొయ్యి ముందు నిలబడి నూనె మూకుడు కాచేది ఉపవాసంలో ఉన్న ఇల్లాలు. ఆ గదిలో వేడి వీధిలోకన్నా తక్కువేమీ కాదు. అందరికీ అందించి తను కూర్చునేసరికి ఇషా అవుతుంది, తాగేది రెండు గ్లాసులు. జుమా (శుక్రవారం నమాజు) ప్రసంగంలో మగవాళ్లకు ఒక మాట చెప్పండి: ఎండాకాలపు ఉపవాసాల్లో నూనె వంటలు మానుకోమని, తన గ్లాసులు తను లెక్కపెట్టుకునేలా ఆమె చేతిలో రెండు లీటర్ల సీసా పెట్టమని.

మందుల విషయం క్లుప్తంగా. బీపీకి నీరు తీసే మాత్రలు, షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు మూత్రం ద్వారా అదనంగా నీరు కోల్పోతారు. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడుతూ, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో, తలనొప్పి అని ఇఫ్తార్ తర్వాత డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర మింగితే మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. తలనొప్పికి ముందు రెండు గ్లాసుల నీళ్లు, గంట ఆగండి. తగ్గకపోతే పారాసిటమాల్. మాత్రల మోతాదు, వేళలు ఉపవాసాలకు రెండు వారాల ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి, ఆ రోజు పొద్దున కాదు. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం ఆపేయాలి. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు (మత పండితులు) చెబుతున్నా, ఆ మాట తెలియక రోజంతా చూసుకోనివాళ్లు ఎందరో. అది మీరు మింబర్ (మసీదు ప్రసంగ వేదిక) మీది నుంచి చెబితే మేము చెప్పినదానికంటే పదింతలు పనిచేస్తుంది.

మింబర్ మీది నుంచి రావాల్సినవి ఇంకా ఉన్నాయి. మసలా (ధర్మ నిర్ణయం) చెప్పడం మీ పని, మాది కాదు. అయినా మీకు తెలిసినవే గుర్తుచేస్తున్నాం. రోగికి, ప్రయాణికుడికి వేరే రోజుల్లో పూర్తిచేసే వెసులుబాటును, అల్లాహ్ మీకు సౌలభ్యాన్నే కోరుతున్నాడన్న మాటను ఖురాన్ రెండో సూరా 185వ ఆయత్ ఇచ్చింది. అరఫాత్ మైదానంలో నిలిచిన హాజీలు ఆ రోజు ఉపవాసం ఉండరు. అక్కడ ప్రవక్త అందరూ చూస్తుండగా పాలు తాగిన సంగతి బుఖారీ హదీసుల (ప్రవక్త మాటలు, చేతల) సంకలనంలో ఉంది. ఎండ మరీ తీవ్రమైతే జుహర్‌ను (మధ్యాహ్నపు నమాజును) చల్లబడేదాకా ఆపమన్న హదీసూ ఉంది. నఫిల్ (ఐచ్ఛిక) ఉపవాసం ప్రాణం మీదికి వస్తే విరమించవచ్చు. హనఫీ ఫిఖా (ధర్మశాస్త్రం) ప్రకారం దానికి బదులు ఒక్క ఖజా (తర్వాత పూర్తిచేసే ఉపవాసం) ఉంటుంది గానీ కఫ్ఫారా (ప్రాయశ్చిత్తం) ఉండదు. తలమీద నీళ్లు పోసుకోవడం, తడి తువ్వాలు మెడకు చుట్టుకోవడం రోజాను చెడగొట్టవు. ఉపవాసంలో ఎండకు తాళలేక ప్రవక్త తలమీద నీళ్లు పోసుకున్నట్టు అబూ దావూద్ హదీసుల సంకలనంలో ఉంది. ఇవి తెలియకనే పగటిపూట కూలీలు ముఖం కూడా తడుపుకోరు.

2015 జూన్‌లో కరాచీలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. రంజాన్ మొదటి రోజుల్లోనే వడగాలులు, కరెంటు కోతలు, నీళ్ల ఎద్దడి అన్నీ కలిసొచ్చాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. ప్రాణాపాయం ఉంటే ఉపవాసం వదలవచ్చని అక్కడి మతపెద్దలు అప్పుడు ప్రకటించారు, అప్పటికే చాలా ఆలస్యమైంది. అదే ఏడాది మేలో మన రెండు రాష్ట్రాల్లో ఉపవాసాలు లేకుండానే వడదెబ్బకు పోయినవాళ్లు వెయ్యి దాటారు. రెండు కలిసి వచ్చే రోజున ఏమవుతుందో ఊహించడానికి లెక్కలు అక్కర్లేదు. మనకు ముందస్తు హెచ్చరికలకు కొదవ లేదు. వాతావరణ శాఖ ఎల్లో, ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు ఇస్తుంది, ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాలుల జాబితా ముందు రోజే విడుదల చేస్తుంది. మీ మండలం ఆ జాబితాలో ఉంటే ఇషా తర్వాత ప్రకటించండి: రేపు ఎండలో పనిచేసేవాళ్లు నఫిల్ ఉపవాసం వేరే రోజుకు మార్చుకోవచ్చని, ఎవరైనా నీళ్లు తాగుతూ కనిపిస్తే ఎందుకని అడగొద్దని. ఆ రెండో వాక్యం మొదటిదానికంటే ముఖ్యం. చాలామంది ఉపవాసం విరమించకపోవడానికి కారణం భక్తి ఒక్కటే కాదు, పక్కవాడి చూపు.

ఉపవాసంలో ఉన్నవాడు ఎప్పుడు ఆపాలో గుర్తులు స్పష్టంగా చెప్పండి. ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, వచ్చినా చాయ్ డికాక్షన్ రంగులో రావడం, లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మడం, పిక్కలు పట్టేయడం, వాంతి. వీటిలో ఏ రెండు కనిపించినా నీడకు చేరి నీళ్లు తాగాల్సిందే. మాట తడబడుతున్నా, మనుషులను పోల్చుకోలేకపోతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా వడదెబ్బ కాదులే అనుకోకండి, పనిలో ఉండగా తగిలే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోపు చల్లబరచాలి. ఇక్కడ మసీదుకున్న సౌకర్యం ఆసుపత్రికీ ఉండదు: వుజూఖానా (నమాజుకు ముందు కాళ్లూచేతులు కడుక్కునే చోటు). మనిషిని అక్కడికి మోసుకెళ్లి, చొక్కా తీసి, కుళాయి నీళ్లు బకెట్లతో ఒళ్లంతా ఎడతెగకుండా పోస్తూ, టేబుల్ ఫ్యాను తిప్పండి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు గానీ, ఖర్జూరం గానీ పెట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ ఈ జ్వరానికి పనిచేయదు. ముందు ఆసుపత్రికి, తర్వాత చల్లబరచడం అన్న వరుస తప్పు. చల్లబరచడం అంబులెన్సులోనూ ఆగకూడదు. ఈ పని చేయగల నలుగురు యువకులను ముందే అనుకుని ఉంచండి. సెలైన్ ఎక్కిస్తే రోజా ఉంటుందా పోతుందా అన్న ప్రశ్న ఆ సమయంలో ఎవరో ఒకరు లేవనెత్తుతారు. ఉలమాల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి కాబట్టి మీ మసీదు మాట ఏమిటో ముందే తేల్చుకోండి.

జుమా నాడు ఇంకో చిక్కు. లోపల చోటు చాలక సహన్‌లో (మసీదు ముంగిట్లో), రోడ్డు మీద కాలే బండల మీద ఒంటిగంటన్నరకు వరసలు కడతారు. బండల మీద పరిచే ప్లాస్టిక్ పట్టాలు వేడిని ఇంకా పట్టుకుంటాయి. మందపాటి జనపనార పట్టాలు పరిచి, గంట ముందు నీళ్లు చల్లి, పైన షామియానా కట్టండి. జిల్‌హజ్‌లో వచ్చే జుమాకు ఖుత్బా (ప్రసంగం) చిన్నదిగా ఉంటే వెనక వరసలో ఉపవాసమున్న ముసలివాళ్లు మీకు దుఆ చేస్తారు.

చివరిగా బక్రీద్ పొద్దు. ముందు రోజు అరఫా ఉపవాసం. ఆ రాత్రి పొట్టేలు పనులు, బజారు, నిద్ర తక్కువ, నీళ్లు ఇంకా తక్కువ. బక్రీద్ నాడు నమాజు ముగిసేదాకా ఏమీ తినకుండా ఉండటం ముస్తహబ్ (మెచ్చదగిన ఆచారం) కాబట్టి చాలామంది నీళ్లు కూడా ముట్టకుండా ఈద్‌గాహ్‌కు వస్తారు. అక్కడ పొద్దున ఎనిమిదింటి ఎండలో నిలబడి, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఖుర్బానీ పనిలో ఉంటారు. నీళ్లు తాగడానికి అడ్డు లేదని అరఫా ఇషాలోనే చెప్పండి. ఫజ్ర్ అయ్యాక ఇంట్లో రెండు గ్లాసులు తాగి రమ్మనండి. ఈద్‌గాహ్ నమాజు వీలైనంత పొద్దున్నే, ఏడింటికి ముందే పెట్టండి. గేటు దగ్గర క్యాన్లు నమాజు అయ్యాక కాదు, జనం రాకముందే ఉంచండి. ఖుర్బానీ జరిగే చోట కూడా ఒక డ్రమ్ము మజ్జిగ.

ఇట్లు,
ఉపవాసాలుండే రోగులకు వైద్యం, ఆహార సలహాలు అందించే కొందరు వైద్యులు, నర్సులు, పోషకాహార నిపుణులు